తీగ వేగానికి తన పేరిచ్చిన తంతి ఉద్యోగి

ఈ ప్రత్యేక సంచికకు మన వృత్తికి సంబంధించిన ఒక ప్రసిద్ధుని జీవితం రాసి పంపమని కార్యదర్శి గారు కబురు చేశారు. తంతి అనగానే అందరికీ మోర్స్ గుర్తొస్తారు. ఆయన గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు కనుక నేను ఎమిల్ బోడో గారి గురించి రాస్తున్నాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ యాభై బాడ్, డెబ్భై అయిదు బాడ్ అని నోరారా పలికాం. ఆ బాడ్ అన్నది ఒక మనిషి పేరులోని ముక్క అని, ఆ మనిషి మనలాగే తంతి కార్యాలయంలో అడుగు మెట్టు నుంచి వచ్చినవాడని మనలో ఎందరికి తెలుసు? నాకైతే రిటైరయ్యాకనే తెలిసింది.

ఇప్పుడు ఆయన జ్ఞాపకం రావడానికి కారణం మా మనవడు. నేను ఉద్యోగ విరమణ తర్వాత మా స్వగ్రామం అడవులదీవిలోనే ఉంటున్నాను. నిజాంపట్నం మండలం, ఇప్పుడు బాపట్ల జిల్లా. మొన్న సంక్రాంతికి మా అమ్మాయి కొడుకు బెంగళూరు నుంచి వస్తూ దుప్పటిలో చుట్టి ఒక ఇనుప పెట్టె తెచ్చాడు. విప్పి చూస్తే పాత సన్ వర్క్‌స్టేషన్. 1990ల తొలినాళ్ళది. పాత సామాను కొట్లో కొన్నాడట. దానికి మానిటరు లేదు, కీబోర్డు లేదు. లోపల యూనిక్స్ మాత్రం నిక్షేపంగా ఉంది. పండక్కి అరిసెలు తినకుండా ఈ పిల్లవాడికి ఇదేం పిచ్చి అని మా ఇంటావిడ సణిగింది గాని, నాకు మాత్రం ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

దాన్ని ఇంటర్నెట్‌కు కలపాలని వాడి పట్టుదల. ఇంటికి ఫైబర్ లైను ఉంది గాని, ఆ యంత్రానికి ఉన్న నెట్‌వర్కు సాకెట్టు పాతకాలపుది. దానికి ఇప్పటి తీగ తగిలించాలంటే మధ్యలో మరో డబ్బీ కావాలి. అది రేపల్లెలో దొరకలేదు, తెనాలిలోనూ దొరకలేదు. ఇక మిగిలింది వెనకనున్న సీరియల్ పోర్టు. అంటే బిట్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా వెళ్ళే దారి. అవతలి కొసకు నా పాత డెస్క్‌టాప్‌ను పెట్టాం. లినక్స్‌తో ఇంకా నడుస్తోంది, దానికీ సీరియల్ పోర్టు ఉంది. కీబోర్డు లేకపోతే సన్ యంత్రం తనంతట తానే మొదటి సీరియల్ పోర్టుకు తిరిగి, అక్కడి నుంచే మాట్లాడుతుంది. వాడి ల్యాప్‌టాప్‌ను దానికి కలుపుకొని, రెండో పోర్టును ఇంటర్నెట్ కోసం అట్టేపెట్టుకున్నాం.

ముందు లైను పరీక్షిద్దామని ఒక కొస నుంచి మామూలు అక్షరాలు పంపాడు. రెండో కొసన చెత్త పడింది. కేబుల్ మార్చాడు, మళ్ళీ చెత్తే. నేను ఆ చెత్తను చూసి, రెండు కొసల వేగాలు కలవలేదు చూసుకోమన్నాను. ఒకవైపు 9600, ఇంకోవైపు 38400 ఉన్నాయి. సరిచేయగానే అక్షరాలు తిన్నగా వచ్చాయి. ఎలా పోల్చావు తాతయ్యా అని వాడి ఆశ్చర్యం. టెలిప్రింటర్ మోటారు వేగం తప్పితే కాగితం మీద ఏం పడుతుందో ముప్పై ఏళ్ళు చూసినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా! ఆ మాటల్లోనే బాడ్ అంటే ఏమిటని అడిగాడు. సెకనుకు ఇన్ని బిట్లు అని వాడికి తెలిసినదే తిరిగి చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ రాత్రి వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

జాన్ మారిస్ ఎమిల్ బోడో 1845 సెప్టెంబరు 11న ఫ్రాన్సు దేశంలోని మాన్యో అనే పల్లెలో జన్మించారు. తండ్రి రైతు. చదువు ఊళ్ళోని ప్రాథమిక పాఠశాలతో సరి. ఆ తర్వాత తండ్రితోపాటు పొలం పనులే. కాలేజీ ముఖం చూసినవారు కారు. 1869లో ఫ్రెంచి తంతి శాఖలో శిక్షణార్థిగా చేరారు. అప్పటికి వయస్సు 24. మోర్స్ పద్ధతి నేర్పారు, ఆ తర్వాత నాలుగు నెలలపాటు హ్యూజ్ యంత్రంపై తర్ఫీదు ఇచ్చారు. 1870లో ప్రష్యాతో యుద్ధం వస్తే కొంతకాలం సైన్యంలో పనిచేసి, తిరిగి తన బల్ల దగ్గరకు వచ్చారు.

హ్యూజ్ యంత్రం గురించి రెండు మాటలు చెప్పాలి. పియానో మెట్ల వంటి మీటలుంటాయి. రెండు కొసలలోనూ అక్షరాల చక్రాలు ఒకే వేగంతో తిరుగుతుంటాయి. మీట నొక్కగానే అవతల ఆ క్షణంలో ఎదురుగా ఉన్న అక్షరం అచ్చుపడుతుంది. చుక్కలూ గీతలూ వినక్కర్లేకుండా నేరుగా అక్షరమే వస్తుంది కనుక ఆ రోజుల్లో అది గొప్ప యంత్రం. కాని ఒక్కొక్క అక్షరం కోసం చక్రం తిరిగిందాకా ఆగాలి. ఆ ఆగినంతసేపూ తీగ ఖాళీయే. వందల మైళ్ళు స్తంభాలు పాతి తీగ లాగి, దాన్ని ఎక్కువ భాగం ఊరికే ఉంచుతున్నాం అన్న సంగతి బోడో గారికి తట్టింది. మీటల ముందు రోజూ కూర్చున్నవానికే ఇది తట్టే సంగతి అని నా నమ్మకం.

1872లో ఆయన పని మొదలుపెట్టారు. శాఖవారు అడ్డు చెప్పలేదు, అలాగని చేయూతా ఇవ్వలేదు. పరిశోధన కావాలంటే సొంత వేళల్లో చేసుకోమన్నారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. పగలు ఉద్యోగం, రాత్రి ప్రయోగాలు. దానికి తోడు అనారోగ్యం. ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే పట్టుకున్న నలత ఆయనను జీవితాంతం వదల్లేదు. ఒక్కోసారి నెలేసి రోజులు ఆఫీసుకు రాలేకపోయేవారు. సెలవు చీటీల మీద బతికిన ఉద్యోగి అని ఏ సూపరింటెండెంటు అయినా ఫైలులో రాసి ఉండవచ్చు.

ఆయన ఆలోచనలో రెండు పాయలున్నాయి. మొదటిది అక్షరానికి అయిదు గుర్తులు. ప్రతి గుర్తూ ఉన్నదీ లేనిదీ అన్న రెండు స్థితులలోనే ఉంటుంది. రెండును అయిదుసార్లు హెచ్చవేస్తే 32 కూర్పులు. మోర్స్‌లో ఇ అక్షరానికి ఒక్క చుక్కే, కొన్ని అక్షరాలకు చాంతాడంత. బోడో పద్ధతిలో అన్ని అక్షరాలదీ ఒకే పొడవు. పొడవు ఒకటే అయితే యంత్రం లెక్క తప్పదు. అయిదు గుర్తుల ఊహ ఆయనే కనిపెట్టినది కాదు. జర్మనీలో గౌస్, వెబర్ అంతకు ముందే వాడి ఉన్నారు. దాన్ని నిత్యం పనిచేసే లైనుకెక్కించి, అచ్చువేసే యంత్రానికి కట్టినది మాత్రం బోడో గారు.

రెండోది వంతుల పద్ధతి. తీగ కొసన ఒక గుండ్రటి పలక, దాని మీద తిరిగే లోహపు కుంచె. పలకను భాగాలు చేసి, భాగానికొక ఆపరేటరును కూర్చోబెట్టారు. కుంచె నా భాగం మీదికి వచ్చినప్పుడు తీగ నాది, నాది దాటగానే పక్కవారిది. అవతలి కొసన అలాంటిదే మరో కుంచె సరిగ్గా అదే లయలో తిరుగుతుంది. కుంచె ఒక చుట్టు తిరిగేసరికి నలుగురూ తలా ఒక అక్షరం పంపుకుంటారు. మెయెర్ అనే ఆయన యంత్రంలో ఈ వంతుల ఊహ ముందే ఉంది. హ్యూజ్ నుంచి ఏకవేగం, మెయెర్ నుంచి వంతులు, పూర్వుల నుంచి అయిదు గుర్తులు తీసుకొని బోడో గారు ఒక కొత్త కాపురం పెట్టారని చెప్పుకోవాలి.

ఆపరేటరు పని మాత్రం కత్తి మీద సామే. ముందున్నవి అయిదే మీటలు. ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు. ఏ అక్షరానికి ఏ వేళ్ళు కలిపి నొక్కాలో కంఠతా ఉండాలి. తన వంతు రాగానే యంత్రం చిన్నగా టక్కుమంటుంది. ఆ టక్కుకు తగినట్టు నొక్కాలి. ముందూ కాదు, వెనకా కాదు. నిమిషానికి 30 మాటలు, మాటకు ఆరేసి అక్షరాల లెక్కన నిమిషానికి 180 సార్లు. తాళం తప్పితే అక్షరం తప్పినట్టే. మృదంగం దగ్గర కూర్చున్నవానికి ఉండే ఒద్దిక కావాలి.

1874 జూన్ 17న ఆయన పేటెంటు తీసుకున్నారు. మరుసటి ఏడు శాఖవారు యంత్రాన్ని స్వీకరించారు. 1877 నవంబరు 12న పారిస్, బోర్డో నగరాల మధ్య తొలి పరీక్షలు జరిగాయి. ఆ ఏడాది చివరికి దాదాపు 1,700 కిలోమీటర్ల పారిస్, రోమ్ లైను మీద యంత్రం పనిలోకి దిగింది. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అంతవరకు చూద్దాం లే అన్నవారందరూ అప్పుడు లేచి నిలబడి ఉంటారు, లోకరీతి అదే కదా. 1879లో ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదునిచ్చింది, 1882కల్లా ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు అయ్యారు. పల్లెటూరి బడి చదువుతో వచ్చి పదమూడేళ్ళలో ఆ హోదా!

ఇక్కడితో ఆపితే కథ ముచ్చటగానే ఉంటుంది. కాని మిమో సంగతి రాయకపోతే అన్యాయమౌతుంది.

లూయీ విక్టర్ మిమో కూడా తంతి ఉద్యోగే. అయిదు తీగల మీద నడిచే యంత్రానికి ఆయనా 1874లోనే పేటెంటు తీసుకున్నాడు. శాఖ దాన్ని తిరస్కరించింది. మార్పులు చేసి మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ తిరస్కరించారు. ఈలోగా కొద్ది వారాల తేడాతో బోడో పేటెంటు వచ్చి ఉంది. మొదటి హక్కు నాదని 1877లో మిమో కోర్టుకెక్కాడు. శాఖతో సంబంధం లేని ముగ్గురు నిపుణులు చూశారు. న్యాయస్థానం తొలుత మిమో పక్షానే తీర్పు చెప్పి, బోడో చేసినవి దానికి మెరుగులు మాత్రమేనన్నది. అది ఇద్దరికీ నచ్చలేదు. చివరకు ఆ తీర్పు రద్దయి, ఖర్చులన్నీ మిమో నెత్తినే పడ్డాయి. ఆ దెబ్బతో ఆయనకు మతి చలించింది. పేటెంటు గడువు పెంచాలనీ, లక్ష ఫ్రాంకులివ్వాలనీ, బిరుదు కావాలనీ పట్టుబట్టాడు. జూల్స్ రేనో అనే పరిశోధనాధికారి అధ్యక్షతన ఉన్న సంఘం కుదరదన్నది. మిమో వెళ్ళి రేనోను కాల్చి చంపాడు. పదేళ్ళ కఠిన శిక్ష, ఆపైన ఇరవై ఏళ్ళ ప్రవాసం పడ్డాయి.

హత్యకు సమర్థన లేదు. రేనో చేసిన పాపమూ లేదు. కాని ఒకే శాఖలో ఇద్దరు చిన్న ఉద్యోగులకు ఒకే అవసరం ఒకే ఏడాది కనిపించింది. ఒకరి పేరు ప్రపంచమంతా కొలమానం అయింది, ఇంకొకరిది ఖైదీల చిట్టాలో చేరింది. మనలో అర్జీలు పెట్టుకొని జవాబు రాక కుమిలినవారు లేరా? నేనూ ఒకప్పుడు, ఏ కార్యాలయంలోనో చెప్పను, లైను తప్పుల మీద నాలుగు పేజీల సూచన రాసి ఇచ్చాను. చూడబడినది అన్న ముద్రతో అది బీరువాలోకి పోయింది. నేను కాఫీ తాగి మరచిపోయాను. అందరి గుండె అలా ఉండదు. మిమో వ్యాజ్యంలో ఎవరి పాలు ఎంతో నేను తేల్చగలవాణ్ణి కాను. బోడో గారి యంత్రం మాత్రం పనిచేసింది, నిలిచింది.

తర్వాతి కాలంలోనూ ఆయన ఊరుకోలేదు. 1890 ఆగస్టులో పారిస్, వాన్, లోరియాన్ అనే మూడు ఊళ్ళను ఒకే తీగ మీద కలిపారు. తెనాలి, రేపల్లె, నిజాంపట్నం ఒకే తీగ మీద గొడవ పడకుండా మాట్లాడుకున్నట్టు ఊహించుకోండి. 1894 ఏప్రిల్‌లో పారిస్, మిలాన్ షేరు బజార్లను మధ్యలో తిరిగి పంపే యంత్రం పెట్టి కలిపారు. ఫ్రాన్సు దాటి ఇటలీ, బ్రిటన్ వంటి దేశాలకు ఆయన పద్ధతి పాకింది. మన దేశంలోని పెద్ద తంతి కార్యాలయాల్లోనూ బోడో యంత్రాలు పనిచేశాయి. మా తరం వచ్చేసరికి టెలిప్రింటర్లే వచ్చేశాయి. 1890లోనే ఆయన వివాహం చేసుకున్నారు, కాని మూడు నెలలకే భార్య కన్నుమూశారు. 1903 మార్చి 28న పారిస్ సమీపంలోని సో పట్టణంలో కన్నుమూశారు. వయస్సు 57. మన లెక్కన పదవీ విరమణకు ముందే.

ఆయన బతికి ఉండగానే, 1901లో, న్యూజిలాండ్‌కు చెందిన డోనాల్డ్ మరే ఆ అయిదు గుర్తుల లిపిని టైపు మిషను మీటలకు తగినట్టు సవరించాడు. మనం మద్రాసులో తయారైన హిందుస్తాన్ టెలిప్రింటర్ల మీద కొట్టినది ఆ సవరించిన లిపినే. అమెరికాలో క్రమ్ అనే తండ్రీకొడుకులు ప్రతి అక్షరానికీ ముందొక మొదలు గుర్తు, చివరొక ఆగు గుర్తు చేర్చే పద్ధతిని పనిలోకి తెచ్చారు. దానితో రెండు కొసలూ నిరంతరం ఒకే లయలో తిరగాల్సిన అవస్థ తప్పింది. ఇది బోడో గారి ఖాతాలో వేయకూడదు. సన్ యంత్రం సీరియల్ పోర్టులో ఇప్పటికీ నడిచేది ఈ మొదలు, ఆగు పద్ధతే.

అయిదు గుర్తుల లిపిలో ఒక లోపం ఉంది, అది నా జీవితంలో ఒక రాత్రికి ముడిపడింది. 32 కూర్పులతో అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు అన్నీ పట్టవు. అందుకని ఒకే కూర్పుకు రెండేసి అర్థాలు. ఇప్పటి నుంచి అంకెలు అని ఒక గుర్తు, ఇప్పటి నుంచి అక్షరాలు అని మరో గుర్తు. ఆ మార్పు గుర్తు ఒక్కటి లైనులో చెడిందా, ఆపైన వచ్చేవన్నీ తారుమారే. ఇ రావలసిన చోట 3, టి చోట 5, ఓ చోట 9 పడతాయి.

1977 నవంబరు 19 ఉప్పెన ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. దివిసీమతోపాటు మా రేపల్లె ప్రాంతపు తీరం కూడా దెబ్బతిన్నది. స్తంభాలు పడిపోయాయి, తీగలు తెగాయి. నేను దూరాన ఒక ఊళ్ళో డ్యూటీలో ఉన్నాను. మా అమ్మానాన్నలు, తమ్ముడు అడవులదీవిలో. ఊళ్ళ నుంచి వచ్చిన వందల వార్తలు నా చేతుల మీదుగానే పోతున్నాయి, మావాళ్ళ సంగతి మాత్రం లేదు. ఎన్నో రోజో సరిగా గుర్తు లేదు, లైను కొంత బాగుపడ్డాక నా పేరున ఒక తంతి వచ్చింది. నా పేరు దాటగానే మార్పు గుర్తు చెడి, వార్తంతా అంకెలూ గుర్తులుగా అచ్చుపడింది. అవతలివారిని మళ్ళీ పంపమని అడగవచ్చు. కాని మళ్ళీ లైను ఉంటుందో ఉండదో. కాగితం మీద కళ్ళు పెట్టుకొని, అంకె అంకెకూ ఏ మీటో వేళ్ళతో బల్ల మీద కొట్టుకుంటూ చదివాను. ముగ్గురూ బతికే ఉన్నారు, రేపల్లె చేరారు. అంతే వార్త. ఆ కాగితం చాలా ఏళ్ళు దాచుకున్నాను. తొలి పరీక్ష జరిగి అప్పటికి సరిగ్గా వందేళ్ళ మీద కొన్ని రోజులు అని ఇప్పుడు లెక్క వేస్తే తెలుస్తోంది.

ఇదంతా విన్న మా మనవడు, తన స్లిప్‌లోనూ ఇదే తంటా ఉందన్నాడు. సీరియల్ తీగ మీద ఇంటర్నెట్ మూటలను పంపే పద్ధతి అది. 1984లో రిక్ ఆడమ్స్ బర్క్లీ యూనిక్స్‌కు, సన్ యంత్రాలకు దాన్ని సమకూర్చారు. 1988లో జాన్ రామ్కీ ఆ పద్ధతిని కాగితం మీద పెట్టారు. మూట అయిపోయిందని చెప్పడానికి 192 అనే సంఖ్యను పంపుతారు. మరి వార్తలోనే 192 వస్తే? దాని బదులు 219, 220 జంటగా పంపుతారు. 219 వస్తే 219, 221. మన అక్షరాలు, అంకెల మార్పు గుర్తుకు ఇది దగ్గరి చుట్టం. తప్పులు సరిచూసే ఏర్పాటు స్లిప్‌లో లేదు. పైపొరల్లోని లెక్కలే తప్పును పట్టాలి. తర్వాత వచ్చిన పీపీపీ పద్ధతిలో ఆ ఏర్పాటు చేరింది.

ఇక మా పని. సన్‌లోని పాత యూనిక్స్‌కు స్లిప్ పుట్టుకతో రాదు. దాన్ని కెర్నల్‌లో కలిపి తయారు చేసే పని వాడు బెంగళూరులోనే ముగించుకొచ్చాడు. రెండో పోర్టు మీద లాగిన్ కోసం కాచుకొని కూర్చునే ప్రోగ్రామును ఆపించాం, లేకపోతే వచ్చినదంతా అదే మింగుతుంది. ఆగు, పంపు అని అక్షరాలతోనే చెప్పుకొనే పద్ధతిని కూడా తీసేశాం. 17, 19 సంఖ్యలను లైను తన సొంతానికి వాడుకుంటే వార్తలోని ఆ సంఖ్యలు మాయమౌతాయి. దాని బదులు కేబుల్‌లోని వేరే తీగలతో ఆ సైగలు చేయించాం. ఎస్‌ఎల్‌అటాచ్ ఆజ్ఞతో పోర్టును నెట్‌వర్కు తీగగా మార్చి, రెండు కొసలకూ చెరొక చిరునామా ఇచ్చి, బయటికి దారి నా డెస్క్‌టాప్ గుండా అని చెప్పాం. రాత్రి పదకొండు దాటాక పింగ్ కొడితే సముద్రాల అవతలి నుంచి జవాబు వచ్చింది. ఈనాటి వెబ్ పేజీలు ఆ యంత్రానికి తెరుచుకోవు, తాళాలన్నీ మారిపోయాయి. అయినా జవాబు వచ్చింది.

ఒక్క సవరణ. బాడ్ అంటే సెకనుకు బిట్లు అని అందరూ అంటారు, అది అన్నివేళలా నిజం కాదు. సెకనుకు తీగ ఎన్నిసార్లు స్థితి మార్చుకుంటుందో అది బాడ్. మన టెలిప్రింటర్‌లో, ఈ సీరియల్ తీగలో రెండూ ఒకటే. కాని ఫోను మోడెములు ఒక్క మార్పులో పలు బిట్లు ఇరికిస్తాయి. 9600 వేగపు వి.32 మోడెము నిజానికి 2400 బాడ్ మాత్రమే.

పడుకునే ముందు వాడు ఎస్‌టీటీవై ఆజ్ఞ పట్టికలోని వేగాలు చూపించాడు. 38400, 19200, 9600 అలా దిగుతూ దిగుతూ అట్టడుగున 50 ఉంది. మన యాభై బాడ్! యూనిక్స్ రాసినవారు టెలిటైపుల ముందు కూర్చొని రాశారు కనుక టీటీవై అన్న పేరుతోపాటు ఆ వేగాన్నీ ఉంచేశారు. స్లిప్ ఆపి రెండు కొసలనూ 50కి దించమన్నాను. ఇంగ్లీషు అక్షరాలలో అడవులదీవి అని కొట్టాను. పన్నెండు అక్షరాలు, రెండున్నర సెకన్లు. ఒక్కొక్క అక్షరం వచ్చి నిలబడుతుంటే నా వేళ్ళు వాటంతటవే బల్ల మీద కదిలాయి. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసిన నాటి నుంచి ఆ నడక నేను చూడలేదు.

సెలవులు కాగానే వాడు పెట్టెను మళ్ళీ దుప్పటిలో చుట్టి తీసుకుపోయాడు. మన సభ్యులలో ఎవరి పెద్దలైనా బోడో యంత్రాల మీద పనిచేసి ఉంటే, వారి శిక్షణ పుస్తకాలు గాని, అయిదు మీటల పలక గాని అటక మీద మిగిలి ఉంటే, దయచేసి తూకానికి వేయవద్దు. సంఘ కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయండి, నేనే వచ్చి చూసుకుంటాను.